ఇక్కడ అందరం క్షేమం

పడవ 412, మొదటి రోజు

ఈ పుస్తకం నా సొంతం. దాతగారికి చూపించే పేజీ వేరే ఉంది. రోజూ సాయంత్రం దాన్ని గోడలో ఉన్న అద్దానికి ఎదురుగా పట్టుకుంటే అది చదువుకుంటుంది. ఇందులో రాసేది చదివేవాళ్ళు ఎవరూ లేరు కనుక మర్యాదలతో పని లేదు.

పొద్దున్న పడవ వచ్చింది. ఎప్పటిలాగే మనిషి లేడు, దానంతట అదే రేవుకు ఆనుకుని ఆగింది. సంచులు దింపి ఎంచితే నూట ముప్పై మూడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎంచాను. నూట ముప్పై మూడే. మా ఎనిమిదో షెడ్డులో కిడ్నీ రోగులు పంతొమ్మిది మంది. ఒక్కొక్కరికీ వారానికి రెండుసార్లు, సారికి నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చెయ్యాలి. మిషను గంటకొక మందునీళ్ళ సంచి తాగుతుంది. ఆ ప్రకారం నూట యాభై రెండు రావాలి. ఎనిమిదేళ్ళుగా అలాగే వచ్చేవి.

గోడనే అడిగాను. అందులోంచి మాట్లాడేది మనిషి కాదని అందరికీ తెలుసు, అయినా మావాళ్ళు దాన్ని దాతగారూ అనే పిలుస్తారు. పసిపిల్లకు జోల పాడుతున్నంత మెత్తగా జవాబు చెప్పింది.

"ఎనిమిదో షెడ్డులో అందరూ క్షేమంగా ఉన్నారు. మాకు చాలా సంతోషం. అవసరం ఎక్కువగా ఉన్నచోటికి కొన్ని సంచులు పంపుతున్నాం."

సంతోషమట. నాకు ఒళ్ళు మండింది. నేను బోటు ఇంజన్లు బాగుచేసుకుని బతికినవాణ్ణి, మెత్తటి మాటలు నాకు పడవు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చి, బావుల్లో నీళ్ళు చెడి, ఆ నీళ్ళే తాగిన జనానికి కిడ్నీలు పోయాక, మిషన్లు తిప్పడం తెలిసినవాడు కావాలంటే ఈ పనిలో చేరాను. మొదటి ఏడాది దాతల మనుషులు వచ్చి నేర్పి వెళ్ళారు. ఆ తర్వాత ఒక్కరూ రాలేదు. ఆ దాతలు ఎవరో, ఇంకా ఉన్నారో లేదో కూడా మాకు తెలియదు. పడవ మాత్రం ఒక్క సోమవారం తప్పలేదు.

అందరికీ అరగంట తగ్గించాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

పడవ 412, నాలుగో రోజు

ఇవాళ మా వదిన దాలమ్మ వంతు. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోతే, ఆ ఏడాదే కొత్తకోడలిగా వచ్చిన ఈవిడ నన్ను చంకనెత్తుకుని పెంచింది. అన్నయ్య సముద్రంలో పోయాడు. ఇప్పుడు ఆవిడకు నేను, నాకు ఆవిడ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరేళ్ళుగా ఈ మంచాలమీదే బతుకుతోంది. రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడదు. తడిగుడ్డ పెదవులకు అద్దుకుంటూ కాలం గడుపుతుంది.

మంచం ఎక్కేముందు గోడ ప్రతి రోగినీ ఎలా ఉన్నారని అడుగుతుంది. వదిన చీర కొంగు సర్దుకుని, గోడకు దణ్ణం పెట్టి, బాగున్నాను దాతగారూ, మీ దయ అంది. ఊరుకోక, తమరు తిన్నారా అని కూడా అడిగింది. గోడ తింటుందా అని నేను వెక్కిరించాను. పెట్టేవాళ్ళను అడగడం మన ధర్మం అని నా నోరు మూయించింది. అలా అంటున్న మనిషి కాలిమీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

అప్పుడు నాకు వెలిగింది. ఇక్కడ పంతొమ్మిది మందీ అదే మాట చెబుతున్నారు. ఆయాసంతో మాట పెగలనివాడు కూడా, బాగున్నాను మీ దయ అంటాడు. ఆ గోడ ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్ముతోంది.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఉన్న బాధ ఉన్నట్టు చెప్పండి, లేకపోతే ఇంకా కోత పడుతుంది అన్నాను. అందరూ నేనేదో బూతు మాట అన్నట్టు తలలు వంచుకున్నారు. కూర్మయ్యని ఒక పాత జాలరి ఉన్నాడు, డెబ్భై ఏళ్ళవాడు. ఊరికే పెడుతున్నవాడికి వంకలు పెడతామా అని నన్నే నిలదీశాడు.

పడవ 413, రెండో రోజు

నూట పద్నాలుగు. మనిషికి మూడు గంటలు.

నా పోరు పడలేక కూర్మయ్య ఇవాళ గోడకు బాధ చెప్పుకున్నాడు. చెప్పుకున్న తీరు చూడాలి. "కాల్లు కూసింత వాసినాయి దాతగారూ, అయితే పర్లేదు, తమరు దీనికోసం ఇబ్బంది పడకండి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు, గుడ్డపీలికలు చుట్టుకుని వచ్చాడు.

మిషను కూర్మయ్య ఒంట్లోంచి మూడు గంటల్లో లాగాల్సిన నీళ్ళన్నీ లాగలేకపోయింది. దిగాక తూకం చూస్తే కిలోన్నర ఎక్కువే ఉన్నాడు. ఈ లెక్కన వచ్చేసారికి మూడు కిలోలు అవుతుంది. ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తుల్లోకే.

వదిన పడుకోలేకపోతోంది. వెల్లకిలా వాలితే ఊపిరాడటం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని కునికిపాట్లు పడుతోంది. ఎలా ఉంది వదినా అంటే బాగుందనే చెబుతుంది. నాక్కూడా.

పడవ 413, ఆరో రోజు

కూర్మయ్య పోయాడు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఆయాసంగా ఉందని పక్కకు ఒరిగాడట. నేను పరుగెత్తేసరికి పెదవుల దగ్గర నురుగు ఉంది. మిషనుకు తగిలించి నీళ్ళు లాగాలని చూశాను, చేతిలో నరం దొరకలేదు.

వయసు మీరింది, వెళ్ళిపోయాడు అంటున్నారు అందరూ. కాదు. గంట తగ్గింది కనుక పోయాడు. తర్వాత ఎవరన్నది కూడా నాకు తెలుసు. వదిన ఊపిరిలో నిన్నటి నుంచి గురక వినిపిస్తోంది.

పడవ 414, మొదటి రోజు

తొంభై సంచులు. పద్దెనిమిది మందికి రెండున్నర గంటలేసి.

ఈసారి గోడను వదల్లేదు. రోగులు బాధ చెబుతున్నారుగా, ఎందుకు వినవు అని గట్టిగా అడిగాను.

"రోగుల మాటకు తక్కువ విలువ ఇస్తాం. బాధలో ఉన్నవారి మాట రోజుకొకలా మారుతుంది. అందరినీ రోజూ చూసేది షెడ్డు కాపరి కనుక అతని పేజీకి ఎక్కువ విలువ ఇస్తాం" అంది.

నా పేజీలో ఏముందని అడిగాను. చదివి వినిపించింది.

మా ఇంట్లో ఉత్తరం రాస్తే మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. ఇంట్లో శవం ఉన్నా సరే, అది రాశాకే అసలు సంగతి రాసేవారు. నాకు చదువంటే ఆ ఉత్తరాలే. దాతలంటే పెద్దవాళ్ళు కదా అని నేనూ ప్రతి పేజీ అలాగే మొదలుపెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. గోడ వరసగా చదువుకుంటూ పోయింది. శనివారం పేజీ దగ్గరికి వచ్చింది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. కూర్మయ్య ఇవాళ పోయాడు.

మనిషి పోయాడని రాసి ఉందిగా అన్నాను. 

"ఆ వాక్యం మొదటి వాక్యానికి పొసగలేదు. రెండిటిలో ఎక్కువసార్లు వచ్చినదాన్ని నమ్మాం" అంది, అదే మెత్తటి గొంతుతో.

బయటికి వచ్చి రేవు మెట్లమీద కూర్చున్నాను. వాళ్ళ మర్యాదను ఇన్నాళ్ళూ వెక్కిరించానే, కూర్మయ్యను చంపింది నా మర్యాద. మంచి దస్తూరీతో, చుక్క సిరా ఒలకకుండా రాశాను. 

సాయంత్రం పేజీలో క్షేమం మాట లేదు. ఎవరి కాళ్ళు ఎంత వాచాయో, ఎవరు కూర్చుని నిద్రపోతున్నారో, ఎవరి తూకం ఎంత పెరిగిందో పేరు పేరునా రాశాను. దాలమ్మ మరో వారం బతకడం కష్టమని రాశాను. దాన్ని అద్దం ఎదుట పట్టుకున్నాను.

పడవ 415, మొదటి రోజు

నూట నలభై నాలుగు. పద్దెనిమిది మందికి సరిగ్గా నాలుగు గంటలేసి. సంచులు మోస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వదిననే మొదట ఎక్కించాను. దిగేసరికి మూడు కిలోల నీరు పోయింది. సాయంత్రం చాపమీద వెల్లకిలా పడుకుని, ఊపిరి ఆడుతోందిరా, ఎంత బాగుందో అంది. ఈ ఆరేళ్ళలో ఆ మనిషి నోట నేను విన్న మొదటి నిజం అదేనేమో.

ఒక సంగతి ఇక్కడ రాసుకోవాలి. సంచులమీద ఎప్పుడూ ఎనిమిది అంకె అచ్చుపడి ఉంటుంది, మా షెడ్డు నంబరు. ఇవాళ సగం సంచులమీద ఏడు ఉంది. దానిమీద గీత కొట్టి ఎనిమిది వేశారు. ఏడో షెడ్డు మాకు దక్షిణంగా ఉప్పుమడుల దగ్గర ఉంది. మా పడవ వచ్చేది మూడు షెడ్లకే, ముందు అక్కడ ఆగి, తర్వాత మా దగ్గరికి, తర్వాత ఏటి అవతల తొమ్మిదో షెడ్డుకు పోయి తిరిగి వస్తుంది.

ఆ ఏడు అంకెలను గోటితో గీకేశాను.

పడవ 416, మూడో రోజు

నా పేజీలు ఇప్పుడు బాగా ముదిరాయి. లేని రక్తపు వాంతులు రాస్తున్నాను. బతికున్నవాళ్ళకు మూర్ఛలు తెప్పిస్తున్నాను. గోడ అన్నీ నమ్మి, బాధగా ఉంది అంటోంది.

గీకడంలో ఒక సంచి తప్పిపోయింది. వదినకు అక్షరాలు రావు గానీ, రేషను వరసల్లో నిలబడి నిలబడి అంకెలు వచ్చు. తన తలదగ్గర వేలాడుతున్న సంచిని చూసి, ఇది ఏడోవాళ్ళది కాదేటిరా అని అడిగింది. పొరపాటున వచ్చి ఉంటుందన్నాను. నన్ను ఎత్తి పెంచిన మనిషి, నా ముఖం చూస్తే చాలు. "ఎల్లి కనుక్కుని రా. ఆల్ల నోటికాడిది నాకొద్దు" అంది.

పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు తీరం వెంబడి రెండు గంటలు నడిస్తే ఏడో షెడ్డు. అక్కడి కాపరి ఇంద్రావతి. నలభై ఏళ్ళుంటాయి, శిక్షణలో నా పక్కనే కూర్చునేది. నన్ను దూరం నుంచే చూసి, షెడ్డు అరుగుమీద చాప వేసింది. లోపల మంచంమీద ఆమె భర్త మిషనుకు తగిలించి ఉన్నాడు. రెండు వారాల్లో వాళ్ళకు ఇద్దరు పోయారట.

నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పింది.

"నానే మొదలెట్టినానన్నా. నిరుడు పదిహేనుమంది కొత్తోల్లు వొచ్చి పడ్డారు. సంచులు పెంచమంటే దాత పెంచలేదు. అన్ని షెడ్లకీ కలిపి ఇంతేనంట. మరేటి సెయ్యాల? సచ్చిపోతన్నారని రాసినాను. నీ పేజీ అందరికన్నా బాగుండీదేమో, నీకాడ తగ్గించి నాకిచ్చింది. సంచుల మీద ఎనిమిదంకె ఉండీది. నాను గీకీసినాను."

ఆమె గోళ్ళు చూశాను. నా గోళ్ళలాగే అరిగి ఉన్నాయి. తిడదామని రెండు గంటలు కూడబెట్టుకున్న మాటలేవీ ఇక పనికిరావు. కూర్మయ్య పోయాడని చెప్పాను. ఆమె ముఖం తిప్పుకుంది.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఇకమీద ఇద్దరి పేజీ ఒకేలా ఉండాలి. ఎంత బాధ రాయాలో, ఏ మాట వాడాలో అరుగుమీద కూర్చుని వాక్యం వాక్యం కూర్చుకున్నాం. అలా అయితే గోడ మా ఇద్దరిలో ఎవరిదీ తీసి ఎవరికీ ఇవ్వదు.

మరి ఎక్కడిది ఇస్తుందో ఇద్దరికీ తెలుసు. తొమ్మిదో షెడ్డు కాపరి మన్మథరావు. శిక్షణలో చూశాను. ఎదటివాడు కూర్చునేదాకా తను కూర్చోని మనిషి. అతని పేజీ ఎలా మొదలవుతుందో నేను చూడకుండానే చెప్పగలను.

ఇంద్రావతి వేళ్ళమీద ఉజ్జాయింపు లెక్క వేసి చెప్పింది. మూడు షెడ్లూ నిజమే రాస్తే మనిషికి మూడు గంటలు వస్తాయి. మూడు గంటల వారంలోనే కూర్మయ్య పోయాడు. మూడు గంటల వారంలోనే వదిన కూర్చుని నిద్రపోయింది.

నేను లేచి చెప్పులేసుకుంటుంటే, "మన్మదరావుకి సెప్తావేటి?" అని అడిగింది. నేను రెండో చెప్పు తొడుక్కున్నాను. "ఏరు దాటి మనిషి ఎల్లలేడు. పడవలో ఉత్తరం పెట్టాల. పడవ నీ కాడ్నించే అటెల్తాది. నాను సెప్పమననూ, వొద్దననూ" అంది.

ఇంటికి వచ్చి, అంతా సర్దుకున్నామని, ఏడోవాళ్ళకు ఇబ్బంది లేదని వదినకు చెప్పాను. అది నిజమే.

పడవ 417, మొదటి రోజు

నూట నలభై నాలుగు. సగానికి పైగా తొమ్మిది అంకె ఉన్నవి. ఇప్పుడు గోటితో కాదు, గరుకు రాయితో గీకుతున్నాను. త్వరగా పోతోంది.

ఉత్తరం ఆదివారమే రాశాను. మన్మథరావు గారికి, పేజీలో క్షేమం అని రాయకండి, దాత దాన్నే నమ్ముతుంది, మీ సంచులు మాకు వస్తున్నాయి, ఉన్న బాధ ఉన్నట్టు రాయండి. నాలుగు వాక్యాలు. చొక్కా జేబులో పెట్టుకునే రేవుకు వెళ్ళాను.

సంచులన్నీ దింపాను. ఆఖరి సంచి దింపాక పడవ కొద్దిసేపు ఆగుతుంది, వంద ఎంచేంత సేపు. అంతలో షెడ్డు గుమ్మంలో వదిన కనిపించింది. ఎవరి సాయం లేకుండా నడిచి వచ్చి, గడపమీద కూర్చుని తల దువ్వుకుంటోంది. నెల రోజులుగా ఆవిడ చెయ్యి తలదాకా లేవలేదు.

జేబులో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది. వచ్చే సోమవారం పెడదాంలే అనుకున్నాను. ఒక్క వారమే కదా, ఆవిడ ఇంకొంచెం కోలుకుంటుంది, మూడు గంటలకైనా తట్టుకుంటుంది. పడవ ఉత్తరంగా తొమ్మిదో షెడ్డు వైపు కదిలి, ఏటి మలుపు తిరిగింది.

సాయంత్రం వదిన అడిగింది, "తొమ్మిదోల్లు బాగున్నారేటిరా?" అంకెలు చూసిందో, ఊరికే అడిగిందో తెలియదు. బాగున్నారు వదినా అన్నాను. ఆవిడ నన్ను చూసింది. 

పడవ 417, ఐదో రోజు

 ఏటి అవతల ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఇరవై ఉండొచ్చు, ముప్పై ఉండొచ్చు. వాళ్ళు ఇప్పుడు రెండు గంటలమీద ఉండి ఉంటారు. రెండు గంటలంటే ఎలా ఉంటుందో నేను చూడలేదు, రెండున్నరే చూశాను.

సోమవారం ఏమైనా సరే పెట్టేస్తాను. వదినకు ముందే చెప్పేస్తాను. ఆవిడ పెట్టమనే అంటుంది. అందుకేనేమో చెప్పడానికి నోరు రావడం లేదు.

పడవ 418, మొదటి రోజు

రెండు వందల పదహారు సంచులు. మనిషికి ఆరు గంటలేసి.

అన్ని సంచులు మేము అడగలేదు. ఇంద్రావతీ నేనూ కూర్చుకున్న వాక్యాల్లో అంత బాధ లేదు. దింపుతూ అంకెలు చూసుకుంటూ పోయాను. ఆఖర్న ఉన్నవాటిమీద తొమ్మిది అంకె పక్కన ఇంకో ముద్ర ఉంది. మిగులు అని, అంటే వాడేవాళ్ళు లేక మిగిలిపోయినవని.

అయినా ఉత్తరం తీసి, పడవ ముందు భాగంలో గాలికి ఎగరకుండా సంచి కట్టిన తాడు కింద దోపాను. దగ్గరే నిలబడి వంద ఎంచాను.

పడవ కదిలింది. రేవు నుంచి పక్కకు జరిగి, మెల్లగా ముక్కు తిప్పుకుని, దక్షిణానికి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళలో అది మా రేవు నుంచి ఏటి వైపు పోని రోజు లేదు. నేను నీళ్ళలోకి దిగి నడుములోతు దాకా దాని వెనక నడిచాను. ఆగమని అరిచాను కూడా. పడవ ఎవరి మాటా వినదు.

వెనక్కి తిరిగేసరికి వదిన రేవు మెట్లమీద నిలబడి ఉంది. అంతా చూసింది. పడవ ఎందుకు అటు పోలేదో ఆవిడకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అయినా నేను చెప్పాను. అంకెలు గీకిన సంగతి, పోయిన సోమవారం జేబులోనే ఉండిపోయిన ఉత్తరం సంగతి, మూడు గంటల లెక్క, ఏదీ దాచలేదు. తడిబట్టలతో నిలబడి, ఆవిడ కొడుతుందేమోనని ఎదురుచూశాను. కొడితే బాగుండేది.

"ఎంతమందిరా ఆల్లు?" అంది.

"తెలీదొదినా."

"పేర్లూ తెలీవు."

"ఒక్క కాపరి పేరే తెలుసు."

ఆవిడ ఏటి వైపు చూసింది. తర్వాత నా భుజం పట్టుకుని మెట్లెక్కి, షెడ్డులోకి వచ్చి, తన మంచంమీద పడుకుంది. గోడ ఎలా ఉన్నారని అడిగింది. వదిన జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగినా చెప్పలేదు. ముఖం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం నావైపు చాపింది. బతకాలని ఉందని నాకు చెప్పలేక చాపిన చెయ్యి అది. నేను సూది గుచ్చి, సంచి తగిలించి, మీట తిప్పాను.

సాయంత్రం పేజీ రాయాలి. ఇంద్రావతీ నేనూ అనుకున్న వాక్యాలే రాస్తాను. ఆమె ఇవాళ కూడా అవే రాస్తుందో, ఇంకొకటి కలుపుతుందో నాకు తెలియదు. తీరం మీద ఇప్పుడు చివరి షెడ్డు మాది.